గంజి వార్చేటప్పుడు వేయాల్సిన కేక

జనగామ స్టేషన్ దగ్గర ఒక ముసలమ్మ నడిపే భోజన హోటల్లో నేను అన్నం వండే పనికి కుదిరాను. అప్పటికే పల్లెల్లో తుపాకులు మోగుతున్నాయి. మా గడీకి తాళం పడింది. పట్నం పోయిన బాపు తిరిగి రాలేదు. అద్దె గదిలో మంచం పట్టిన అమ్మకూ నాకూ హోటల్లో పెట్టే అన్నమే ఆధారం. ఒకరి ముందు చేయి చాచే ఇంట్లో పుట్టలేదు కాబట్టి పనికే వెళ్లాను.

వంట కష్టం కాలేదు, నోరు విప్పడమే కష్టమైంది. మా ఇంటి ఆడవాళ్లది ఘోషా. ముఖమే కాదు, గొంతు కూడా లోపలి వాకిలి దాటకూడదు. మంచినీళ్లు కావాలన్నా గాజులు కదిపితే చాలు, దాసి వచ్చేది. ఈ వంటింట్లో గంజి వార్చే మనిషి గుండిగ వంచే ముందు "ఉడుకు! ఉడుకు!" అని కేక వేయాలి. అప్పుడు అందరూ పక్కకు జరుగుతారు.

నేను గాజులు కదిపాను.

కూరగాయలు తరిగే ఆమె వెనక నుంచి వస్తూ నా మోచేతికి తగిలింది. మరిగే గంజి నా పాదం మీద ఒలికింది. పెదవి కొరుక్కుని నిలబడ్డానే కానీ అరవలేదు.

ముసలమ్మ పరుగెత్తుకొచ్చి చన్నీళ్లు పోసింది. "కాలు కాలినా మొత్తుకోవేందే బిడ్డా? నోట్ల నాలుక లేదా?"

"ఆమెకు గాజులే నోరవ్వా," అంది కూరగాయలామె. "గలగల ఇని ముస్తాబైతుందనుకున్న. ఇంక జరైతె నా మీదనే పడేది!"

"నవ్వకే," అని ముసలమ్మ నా వైపు తిరిగింది. "రేపటిసంది నీ కేక నాకు గల్లపెట్టె కాడ ఇనబడాలె. లేకుంటె రాకు. ఇంకొకామెను సూసుకుంట."

ఆ సాయంత్రం అమ్మకు అన్నం తినిపించి, గోడ వైపు తిరిగి "ఉడుకు" అన్నాను.

"మెల్లగ బిడ్డా," అంది అమ్మ. "గోడవతల మొగోళ్లున్నరు."

మర్నాడు హాలు నిండిపోయింది. తడక సందులోంచి చూస్తే, విస్తరి ముందు మా ఊరి మనిషి కూర్చుని ఉన్నాడు. ఏళ్ల తరబడి మా గడీకి వెట్టిగా నీళ్లు మోసినవాడు. నేనెవరో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. అతను గుర్తుపట్టి దొర బిడ్డనని చెప్తే ఈ పని పోతుంది. కేక వేయకపోయినా పోతుంది. అన్నం మెత్తబడిపోతోంది. గల్లపెట్టె దగ్గర నుంచి ముసలమ్మ ఇటే చూస్తోంది.

గుండిగ పట్టుకున్నాను. "ఉడుకు!" అన్నాను. అది ఏడుపులా వచ్చింది. ఊపిరి తీసుకుని మళ్లీ అరిచాను. "ఉడుకు! జరుగుండ్రి!"

హాల్లో తలలు లేచాయి. అతను ముద్ద ఆపి తడక వైపు చూశాడు. నేను గుండిగ వంచాను.

"ఎవలవ్వా గట్ల మొత్తుకునేది?"

"అన్నమొండే పిల్ల. కొత్తగొచ్చింది."

"గొంతు గట్టిదే," అని అతను మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

ఎలా గుర్తుపడతాడు? మా వాకిట్లో అన్నేళ్లు తిరిగినా, నా గొంతు అతని చెవిన ఒక్కసారి కూడా పడలేదు.

గంజి వార్చి, అమ్మ కోసం గిన్నెలో అన్నం తీసి పక్కన పెట్టాను. గాజులు మోచేతి మీదికి తోసుకుని రెండో గుండిగ దగ్గరికి నడిచాను. కాలు మండుతూనే ఉంది.