నంద్యాలలో నేను చూసింది

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు నిలిచిపోయాయి. కార్తీక సోమవారం పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకేలోపు నంద్యాల చుట్టుపక్కలున్న తొమ్మిది నందుల గుళ్లనూ చూస్తానని మా అమ్మ మొక్కుకుంది. ఆమెను ఆదోని నుంచి నంద్యాలకు తీసుకొచ్చి, జట్కాలు ఆగే చోట తెల్లవారుజాము చలిలో వణుకుతూ బేరం మొదలుపెట్టాను.

నేను గుడ్డలంగట్లో పెరిగినవాణ్ణి. ఆ మాట జట్కావాడికి గొప్పగా చెప్పి, వాడు అడిగినదాంట్లో సగానికి అడిగి, వెనుదిరిగి పది అడుగులు నడిచాను. మా బజారులో అయితే మూడో అడుగుకే పిలుస్తారు. ఇక్కడ గుర్రం కూడా సకిలించలేదు.

సిగ్గు విడిచి తిరిగొచ్చి, "సరే, నువ్వడిగిందే ఇస్తా, పదన్నా" అన్నాను.

"నా గుర్రమేమన్నా గుడ్డ తానా, సగం కత్తిరించి ఇచ్చేకి? నిన్ను ఎక్కించుకోను, పో!" అన్నాడు జట్కావాడు. మిగతావాళ్లూ మొహాలు తిప్పుకున్నారు.

అమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. "నా మొక్కు చెడిపోతాందప్పా" అంది.

"నువ్వు ఎక్కమ్మా. ఆయప్పకు మాత్రం చోటు లేదు."

అమ్మ నావైపు చూడకుండానే ఎక్కింది. "వాన్ని ఈడనే ఉండనీ. బేగా పోనీ నాయనా!"

సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. వచ్చిపోయే ప్రతి జట్కావాడూ "ఏందప్పా, ఇంకా బేరం కుదర్లేదా?" అని పలకరించాడు. అమ్మ మాత్రం పొద్దుగుంకేలోపు తొమ్మిదీ చూసి వచ్చింది.

నంద్యాలలో ఏం చూశావని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, జట్కాలు ఆగే చోటు బ్రహ్మాండంగా ఉంటుందని చెబుతాను.