కథ మధ్యలో వంకరపోయిన మూతి

ఆ శనివారం కథ చెబుతుండగా నా పెదవి కదలనని మొరాయించింది.

మేముండేది అమెరికాలోని ఆష్‌బర్న్‌లో. సెలవు రోజుల్లో, తొలి వలసల కాలపు పట్టణాన్ని అలాగే చూపించే ఒక మ్యూజియంలో వాలంటీరునై, నేలనీడ్చే గౌను తొడుక్కుని, ఇంగ్లండు నుంచి మొదటి ఓడల్లో వచ్చి స్థిరపడిన వడ్రంగి భార్యగా సందర్శకులకు కథలు చెబుతాను. "చీర కట్టుకోమంటే బద్ధకం, దీనికి మాత్రం ఎప్పుడూ రెడీ" అని మా ఆయన శ్రీధర్ వెక్కిరింత. ఆ రోజు, తొలి వేసవి జ్వరాలకు ఆ వడ్రంగి భార్య పిల్లలిద్దరూ పోయిన ఘట్టంలో ఉన్నాను. "ఫీవర్" అనబోతే గాలి తప్ప మాట రాలేదు. ముందు వరసలోంచి మా అమ్మాయి మేఘన పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, స్టాప్! నీ ఫేస్ ఒక సైడ్ కిందకి పోతోంది."

ఆసుపత్రి ఎమర్జెన్సీలో "స్ట్రోక్ అలర్ట్" అన్నారు. గౌనుతోనే సీటీ స్కాన్‌కి తోసుకెళ్ళారు. మాట పోతే ఎలా బతకాలన్నదొక్కటే నా భయం. డాక్టరమ్మ కనుబొమలు పైకెత్తమంది. ఎడమ వైపు నుదురు కూడా కదల్లేదు.

"గుడ్. స్ట్రోక్‌లో సాధారణంగా నుదురు కదులుతుంది. మీది కదల్లేదంటే ఇది ముఖం నరం సమస్య. ఈ మధ్య గడ్డిలో తిరిగారా? రాష్ వచ్చిందా?"

వచ్చింది. నెల క్రితం, మోకాలి వెనక. తామర అనుకుని పసుపు, కొబ్బరినూనె పట్టించాను. తగ్గకపోతే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళ్ళాను. పచ్చబడ్డ చర్మం చూసి ఎలర్జీ అని క్రీము ఇచ్చారు. మచ్చ చుట్టూ ఉన్న ఎర్ర వలయం పసుపు కింద ఎవరికీ కనబడలేదు. ఆ వలయం గుర్తుగా వచ్చే లైమ్ జబ్బుకు టెస్ట్ చేస్తే పాజిటివ్. పశువులకు పట్టే పిడుదు లాంటి పురుగు, గౌను అంచు పట్టుకుని పైకెక్కి కుట్టి ఉంటుందన్నారు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెప్ప మూతపడక కంటికి టేపు అంటించుకుని పడుకునేదాన్ని. నీళ్ళు తాగితే గడ్డం మీదుగా కారేవి. కుదుటపడుతోందనుకునేసరికి అదే జబ్బుతో మోకాలు వాచింది. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ మందులు. నవ్వు తిరిగొస్తుందా అని అడిగిన ప్రతిసారీ డాక్టరమ్మ "మోస్ట్ పీపుల్ రికవర్" అనేది. ఆ మోస్ట్‌లో నేనున్నానో లేదో మాత్రం చెప్పేది కాదు.

ఇప్పుడు మళ్ళీ కథలు చెబుతున్నాను. నవ్వితే ఎడమ వైపు కాస్త వెనకబడుతుంది. ఇంటికి రాగానే మేఘన ఆ పురుగుల కోసం నా మోకాళ్ళ వెనక వెతుకుతుంది. ఒంటి మీద కొత్త మచ్చ కనబడితే ఫొటో తీసి, ఏమీ పూయకుండా డాక్టరుకి చూపించండి. ఆ వడ్రంగి భార్యకు పిల్లల్ని మింగిన జ్వరం పేరైనా తెలియదు. నా జబ్బుకు పేరుంది, మందుంది, అయినా పసుపు కింద కాస్తలో దొరక్కుండా పోయేది.