విన్న గొంతులో నీళ్ళు

అస్తేరియాను ఒకచోట కూర్చోబెట్టగలిగిన మొనగాడు మా నది ఒడ్డున ఇంతవరకు పుట్టలేదు. పెళ్ళినాడు పాదిరీ ఇంకా దీవిస్తూనే ఉన్నాడు, వెనక పొయ్యి మీద చేపలు మాడుతున్నాయని లేచి వెళ్ళిపోయింది. పెండలం గడ్డలు తవ్వుతూ తవ్వుతూ సగంలో వదిలేసి పడవకు రంగు వేయడానికి పోతుంది. ఆ రంగు తడి ఆరకముందే పక్కింటివాళ్ళ తగువు తీర్చడానికి పోతుంది. అక్కడ తగువు తీరదు సరికదా, కొత్తది ఇంకొకటి మొదలవుతుంది. ఇక నోరంటారా, ఆమె మాట్లాడుతుంటే రేడియో పెట్టుకున్నవాడు తనంతట తానే కట్టేసుకుంటాడు.

దీనికి మావాళ్ళు ఒక కారణం చెబుతారు. చిన్నప్పుడు అస్తేరియాకు మాట సరిగ్గా వచ్చేది కాదు. ఒక్క మాట బయటికి రావాలంటే ముఖమంతా ఎర్రబడి, మెడనరాలు పొంగేవి. అప్పుడు వాళ్ళమ్మ ముసలి అరుపుకోతి గొంతు ఎముక సంపాదించి, అందులో నీళ్ళు పోసి తాగించింది. ఆ ఎముక నిమ్మకాయంత ఉంటుంది, లోపలంతా డొల్ల. మగకోతి అరుపు ఆ డొల్లలో తిరిగి తిరిగి పెద్దదై నదికి ఆవలి ఒడ్డుదాకా వినిపిస్తుంది. అందుకే మాట రాని పిల్లలకు అందులో నీళ్ళు పట్టిస్తాం. నియమం ఒకటే. పిల్ల పుట్టినప్పటి నుంచి ఏ కోతి అరుపు వింటూ పెరిగిందో ఆ కోతి ఎముకే కావాలి. విన్న గొంతే గొంతునిస్తుందని మా పెద్దలమాట.

"మీ అమ్మ నీకు రెండు గుక్కలు ఎక్కువ పట్టించిందే," అని మొగుడు రుపేర్తో రోజుకొకసారైనా అనేవాడు. "నీకు పట్టించడం మరిచిపోయింది మా అత్త, అందుకే నీ తరఫున కూడా నేనే మాట్లాడాల్సి వస్తోంది," అని అస్తేరియా తిప్పికొట్టేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, నెల్వా. నాలుగేళ్ళు దాటినా 'అమ్మా' అన్న పాపాన పోలేదు. పిల్ల కళ్ళు మాత్రం భలే చురుకు. మనిషి ముఖం చూసి మనసులోది పట్టేసేది. ఉరుముకూ బెదిరేది కాదు, కుక్క మొరిగినా బెదిరేది కాదు. "నా కూతురికి గుండె నిండా ధైర్యం," అని రుపేర్తో మురిసిపోయేవాడు. అస్తేరియా "నెల్వా" అని కేకేస్తుంది, ఆ కేక పూర్తవకముందే తానే వెళ్ళి పిల్ల రెక్క పట్టుకుని చంకనేసుకుంటుంది. పిలిచి నిలబడడం ఆమెకు చేతకాదు. పిల్ల మౌనం ఆమెకు ఒంటిమీద చీమలు పాకినట్టు ఉండేది. ఆ మౌనాన్ని నింపడానికి ఇంకా ఎక్కువ మాట్లాడేది, ఇంకా ఎక్కువ తిరిగేది. పడుకున్నా ఊయల వల కింద ఒక కాలు నేలను తన్నుతూనే ఉండేది.

అత్త ఒతీలియా ఊరుకుంటుందా? "వాడకట్టు పిల్లలంతా బూతులు కూడా నేర్చారు, మన పిల్లకు మంచిమాట కూడా రాలేదు. ఇంటి వెనక మేడిచెట్టు మీద ముసలాయన రోజూ గొంతు చించుకుంటున్నాడు. నెల్వా కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ గొంతే కదా వింటోంది. ఇంకా ఎవరికోసం ఎదురుచూపులు?"

ముసలాయన అంటే ఆ చెట్టు మీది మగ అరుపుకోతి. ఎర్రటి బొచ్చు, నల్లటి ముఖం, ఊరిపెద్దకు కూడా లేని గడ్డం. ఆడకోతులూ పిల్లలూ ఆయన చుట్టూ ఉండేవి. తెల్లవారుతూనే ఒకసారి, వాన వచ్చేముందు ఒకసారి గర్జించేవాడు. మిగతా పొద్దంతా కొమ్మ మీద బోర్లా పడి నాలుగు కాళ్ళూ కిందికి వేలాడేసి నిద్ర. రుపేర్తో తుపాకి శుభ్రం చేసి కూడా పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నగరం నుంచి లాంచీలో గ్రాసియేలా టీచరమ్మ దిగింది.

ఆవిడ మ్యూజియంలో పనిచేస్తుంది, నగరం నుంచి వచ్చిన చదువుకున్న ఆడవాళ్ళంతా మాకు టీచరమ్మలే. మా అడవి జంతువుల మీద బొమ్మల పుస్తకం వేయిస్తోంది. రేవులో కట్టేసిన పడవ పక్కచెక్క మీద అస్తేరియా గీసిన చిరుతపులిని చూసి ఆగిపోయింది.

"ఎవరమ్మా ఇది గీసింది?"

"నేనే టీచరమ్మా. పులినెక్కడ చూశానని అడక్కండి. మా ఆయన అన్నం ఆలస్యమైతే అచ్చం అలాగే చూస్తాడు."

టీచరమ్మ నవ్వి సంచిలోంచి పాత పుస్తకం తీసి అరుపుకోతి బొమ్మ చూపించింది. ఎప్పుడో ఎవరో దూరదేశపాయన గడ్డి కూరిన తోలును ముందు పెట్టుకుని గీసిన బొమ్మ. కోరలన్నీ బయటపెట్టి కుక్కలా ఉంది.

"ఇది అరుస్తోందా, పన్ను పీకించుకుంటోందా?" అంది అస్తేరియా.

"అదే నా బాధ కూడా. నాకు బతికినదాని బొమ్మ కావాలి. అరిచేటప్పుడు మూతి ఎలా ఉంటుంది, గొంతు ఎంత ఉబ్బుతుంది, అన్నీ చూసి గీయాలి. గీయడం ఎంతసేపు? ముందు కూర్చుని చూడాలి."

"కూర్చునా?" అంది అస్తేరియా. రేవులో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆ నవ్వుకు పౌరుషం వచ్చి ఆమె ఒప్పేసుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మొగుడూ పెళ్ళాలకు ఒప్పందం కుదిరింది. ముసలాయనను చంపేస్తే బొమ్మ లేదు. బొమ్మ పూర్తయ్యేదాకా రుపేర్తో తుపాకి ముట్టుకోడు. పూర్తయిన రోజున ఆగడు.

"మాట మీద ఉంటావా?" అన్నాడు రుపేర్తో.

"నా పిల్లకి మాట రావాలని నీకంటే నాకు తక్కువుందా?" అంది అస్తేరియా. అని, తినకుండానే లేచి పోయింది.

మరునాటి నుంచి చూడాలి ఆమె అవస్థ. పిల్లను వెంటబెట్టుకుని మేడిచెట్టు కింద చాప వేసుకునేది. ఇలా కూర్చునేది, అలా లేచేది. పైన ముసలాయన కాలు కదపకుండా నిద్రపోయేవాడు. కింద ఈవిడ చెట్టు చుట్టూ ప్రదక్షిణం. "ఒరేయ్ బద్ధకస్తుడా, లేవరా, నాకు ఇంట్లో సవాలక్ష పనులున్నాయి," అని తిట్టేది. ఒకసారి ఆ తిట్టుకు బదులన్నట్టు పైనుంచి మంద మొత్తం కడుపులు ఖాళీచేసింది. కాగితాలూ పోయాయి, జుట్టూ పోయింది. అత్త ఒతీలియా నీళ్ళు పోస్తూ, "బొమ్మ బాగా వచ్చిందటే," అని అడిగింది.

అసలు కష్టం అది కాదు. నిద్రపోయే ముసలాయనను ఆమె కళ్ళు మూసుకుని గీయగలదు. వేలాడే కాళ్ళు, కొమ్మకు చుట్టిన తోక, కింద బొచ్చులేని తోకకొస, అన్నీ కుదిరాయి. మూతి దగ్గరే బెడిసికొట్టేది. గర్జన మొదలైన వేళకు ఆమె సగం దూరం వెళ్ళిపోయి ఉండేది, పొయ్యికనో, కోళ్ళకనో. పరుగెత్తుకొచ్చేసరికి ఆయన మూతి ముడుచుకుని ఆకులు నములుతుండేవాడు.

గీసిన మూతులన్నీ చింపేసేది. చింపేటప్పుడు కోపం, చింపాక ఏదో తేలిక. ఆ తేలిక ఎందుకో ఆమెకు తెలుసు. బొమ్మ కాకపోతే ముసలాయన ఇంకో రోజు బతుకుతాడు. వెంటనే చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చేది, తన పిల్ల ఇంకో రోజు మూగగా ఉంటుందని. సొంత కూతురి మాటకు తానే అడ్డం పడుతున్నట్టు అనిపించి ఒళ్ళు మండేది. కొత్త కాగితం తీసేది. మళ్ళీ లేచేది. ఆ రోజుల్లో ఆమెకు తిండి సహించలేదు, చేతిలో గిన్నె నిలిచేది కాదు. ఎవరైనా పలకరిస్తే కరిచేది.

"ఒసే, చెట్టు మీద ఉన్నది కోతి. నువ్వు దాన్ని మావగారిలా చూసుకుంటున్నావు," అంది ఒతీలియా ఒకరోజు.

"మావగారైతే ఎప్పుడో గీసి పారేసేదాన్ని అత్తా. ఆయన మూతి పుట్టినప్పటి నుంచీ తెరిచే ఉందటగా."

ఒతీలియాకు నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. "నవ్వులాటలు తర్వాత. పిల్లకు అయిదేళ్ళు నిండాక ఎముక పనిచెయ్యదు. నీకు నాలుగు నిండకుండా పట్టించారు కాబట్టి సరిపోయింది. ఆలోచించుకో."

ఆ మాట అస్తేరియాకు ముల్లులా దిగింది. మరునాడు పొద్దున్నే, ఆకాశం మబ్బుపట్టి ఉండగా, మొగుణ్ణి లేపింది. "తుపాకి తీసుకునిరా. ఇవాళ బొమ్మ అయిపోతుంది."

"నిన్నటిదాకా కాని బొమ్మ ఇవాళ ఎలా అవుతుందే?"

"కూర్చుంటాను," అంది.

నిజంగానే కూర్చుంది. రుపేర్తో కాస్త వెనగ్గా పొద చాటున తుపాకి పట్టుకుని నిలబడ్డాడు. నెల్వా తల్లికి పక్కగా, చెట్టు వైపు వీపు పెట్టి, ఆకులు మోసుకుపోయే చీమల బారు ముందు గొంతుకూర్చుంది. అస్తేరియా కాళ్ళు రెండూ చీరుకుపోతున్నట్టు లాగాయి. పొయ్యి గుర్తొచ్చింది, ఉతకని బట్టలు గుర్తొచ్చాయి. పళ్ళు బిగబట్టి కూర్చుంది.

గాలి చల్లబడింది. ముసలాయన కళ్ళు తెరిచాడు. నిదానంగా లేచి, తోక కొమ్మకు బిగించి, కింది కొమ్మ మీదికి దిగాడు. ముందు గుర్రుగుర్రుమన్నాడు. తర్వాత మెడ చాచి గర్జించాడు.

అంత దగ్గరగా ఆ గర్జన వినడం అస్తేరియాకు అదే మొదలు. చెట్టు లోపల తుపాను దూరినట్టే ఉంది. కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ ఇంటి కిందికి పరుగెత్తాయి. కుక్క తోక ముడిచింది. రుపేర్తో తుపాకి చంకలో ఇరికించుకుని రెండు చెవులూ మూసుకున్నాడు. అస్తేరియా కళ్ళు మాత్రం ఆ మూతి మీదే ఉన్నాయి. కోరలు లేవు, కోపం లేదు. పెదవులు కుండ మూతిలా గుండ్రంగా ముందుకు వచ్చాయి. గడ్డం కింద గొంతు పండులా ఉబ్బింది. కళ్ళు సగం మూసుకుని, ఆయన ఆ పని ఎంతో శ్రద్ధగా చేస్తున్నాడు. ఆమె చెయ్యి దానంతట అదే కదిలింది. గర్జన ఆగేసరికి మూతి కాగితం మీద ఉంది. ఒక్క గీత కూడా చెరపనక్కర్లేదు.

కాగితం చూసుకుని ఆమెకు ఏడుపొచ్చింది. ఒక్క కేక వేస్తే మంద మొత్తం పారిపోతుంది. కేకలు వేయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. నోటిదాకా వచ్చింది కూడా. పిల్లను తలుచుకుని మింగేసింది. వెనక్కి తిరిగి మొగుడితో, "అయింది," అంది.

తుపాకి పేలింది. అడవిలోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆడకోతులు అరుస్తూ కొమ్మలు దూకాయి. ముసలాయన తోక కొమ్మను వదల్లేదు. కొంచెంసేపు తలకిందులుగా వేలాడాడు.

పిల్ల దడుచుకుని ఉంటుందని అస్తేరియా గబుక్కున నెల్వా వైపు తిరిగింది.

నెల్వా చీమల ముందు కూర్చునే ఉంది. జారిపోయిన ఆకుముక్కను పుల్లతో తోసి చీమకు అందిస్తోంది. తల ఎత్తలేదు. భుజం కూడా కదల్లేదు.

తోక పట్టు సడలి ముసలాయన నేల మీద పడ్డాడు. నేల అదిరింది. అప్పుడు తిరిగింది నెల్వా.

అస్తేరియా కాగితం పక్కన పెట్టింది. "నెల్వా," అంది. మొట్టమొదటిసారి, పిలిచి కదలకుండా కూర్చుంది. పిల్ల తిరగలేదు. పడిపోయిన కోతిని చూస్తోంది. "నెల్వా," అని గట్టిగా అరిచింది. పిల్ల తిరగలేదు.

"ఏమైందే?" అంటూ రుపేర్తో పరుగెత్తుకొచ్చాడు.

"మన పిల్లకు వినపడదయ్యా," అంది అస్తేరియా. "మూగ కాదు, చెవుడు. పసితనంలో జ్వరమొచ్చి చెవుల్లోంచి చీము కారలేదూ? అప్పటి నుంచే. పిలిచి ఒక్క క్షణం ఆగి ఉంటే నాకు తెలిసేది. నేనెప్పుడు ఆగాను? రెక్క పట్టుకుని లాక్కొచ్చేశాను. దాని ధైర్యం చూసి నువ్వు మురిశావు."

రుపేర్తో తుపాకి నేల మీద పెట్టేశాడు.

ఒతీలియా వచ్చి, విషయం విని, ఇంట్లోకి వెళ్ళింది. కత్తి తెచ్చుకుంది. "చచ్చినవాడు ఎలాగూ చచ్చాడు. పట్టించి చూద్దాం," అంది. ఈసారి ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎముక తీసి, కడిగి, నీళ్ళు పోసి ఇచ్చింది.

"విన్న గొంతు కావాలి కదా అత్తా. ఇది ఏ గొంతూ వినలేదు. నా గొంతు కూడా వినలేదు. ఇన్నాళ్ళూ నేను వాగిందంతా ఎవరికి వాగాను?" అంది అస్తేరియా. చాప మీద కూర్చునే కుమిలి కుమిలి ఏడ్చింది.

నెల్వాకు దాహంగా ఉన్నట్టుంది, ఎముకలోని నీళ్ళు గుటగుటా తాగేసింది. ఖాళీ డొల్లలో వేలు పెట్టి లోపలంతా తడిమింది. తర్వాత వెళ్ళి ముసలాయన గొంతు మీద, ఎముక తీసిన చోట, చెయ్యి పెట్టి చూసింది. అక్కడ ఏమీ దొరకలేదు. తిరిగొచ్చి ఏడుస్తున్న తల్లి ముఖాన్ని కాసేపు చూసింది. చిన్న అరచెయ్యి ఎత్తి తల్లి గొంతు మీద ఆనించింది.

అస్తేరియా ఏడుపు ఆపింది. పిల్ల తన చెయ్యి తీసి, మళ్ళీ పెట్టింది, ఆ అదురు ఏదీ అన్నట్టు కనుబొమలు పైకెత్తింది. "నెల్వా," అంది తల్లి. పిల్ల వేళ్ళు గొంతు మీద బిగుసుకున్నాయి. కళ్ళు పెద్దవయ్యాయి.

"నీ పేరే అది," అంది అస్తేరియా. "నెల్వా."

ఇంట్లో పొయ్యి మీద అరటికాయలు మాడిన వాసన వస్తోంది. కోళ్ళు ఇంకా తిరిగి రాలేదు. రేవు నుంచి ఎవరో ఆమెను పేరుపెట్టి పిలుస్తున్నారు. అస్తేరియా అటు వెళ్ళకుండా, పిల్లకు ముసలాయన సంగతి, మేడిచెట్టు సంగతి, తాను చింపేసిన మూతుల సంగతి అన్నీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. వాన పట్టుకుంది. రుపేర్తో అరటాకు తెచ్చి ఇద్దరి మీదా పట్టాడు. తల్లి గొంతు మీంచి పిల్ల చెయ్యి తీయలేదు. అస్తేరియా లేవలేదు.