నానమ్మ పట్టిన ఇంగువ వాసన

మా నానమ్మ ఎలీశమ్మ ముప్పై ఏళ్లు పురుళ్ల దవాఖానలో ఆయాగా చేసింది. ఇప్పుడు కళ్లకు శుక్లాలొచ్చాయి, మోకాళ్లు అరిగాయి. ముక్కు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. నేను బడి ఎగ్గొట్టి మిర్చి బజ్జీలు తినొస్తే జడ వాసన చూసి పట్టేసేది. నా చదువు తొమ్మిదితో ఆగిందంటే అందులో ఆమె తప్పేం లేదు.

ఆ ముక్కే మొన్న ఎండాకాలం మా తాత తీతు మీద కేసు పెట్టింది.

తాత బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. నానమ్మ మోకాళ్లు బాగుపడాలని ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటానని దేవునికి మాటిచ్చాడు. పదకొండు దాటాక దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్‌బీ నగర్ మందిరంలో ప్రార్థన చేసుకుని మూడింటికి వచ్చేవాడు. మందిరం మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అందుకని నానమ్మ పోయేది కాదు.

ఒక శుక్రవారం ఆమె నన్ను వంటింట్లోకి లాగింది.

"పొద్దటి సంది తినని మనిషి రెండు ముద్దలకే చాలంటడా? పోయిన వారం గూడ గంతే."

"ఎండకు ఆకలి చచ్చిపోయిందేమో నానమ్మా."

"మీసాల్ల ఇంగువ వాసనొస్తుంది పిల్లా. మనింట్ల ఎన్నడన్న ఇంగువ చూసినవా?"

చూడలేదు.

"ఎవతో ఆంధ్రామె పప్పుల ఇంగువేసి పెడ్తున్నది. నలభై రెండేండ్ల కాపురం ఇంగువకు పోయింది."

నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. "కండ్లతోటి చూస్త. నిజమైతే తుర్కయంజాల్ల మా అన్న దగ్గరికి పోత, మల్ల రాను" అంది. ఉత్తినే అనే మనిషి కాదు.

ఆ వారమంతా సోదాలు. చొక్కా జేబుల్లో ఏమీ లేదు. తాత స్నానానికి పోయినప్పుడు ఫోన్ తెరిచి నేను పేర్లు చదివాను. ఒక పేరు దగ్గర ఇద్దరం ఊపిరి బిగబట్టాం. విజయదుర్గ. ప్రతి గురువారం సాయంత్రం ఫోన్.

శుక్రవారం తాత వెనకాలే మెట్రో ఎక్కాం. ఎస్కలేటర్ అంటే జడిసే నానమ్మ ఆ రోజు దాని మీద రెండేసి మెట్లు ఎక్కబోతే నేనే చెయ్యి పట్టి ఆపాను. ఆడవాళ్ల పెట్టెలో తల నిండా కొంగు కప్పుకుని నిలబడింది. ఎల్‌బీ నగర్‌లో దిగిన తాత మందిరం వైపు తలెత్తి కూడా చూడకుండా వెనక సందులోకి తిరిగి, గుమ్మం నిండా చెప్పులున్న ఒక ఇంటి మెట్లెక్కాడు. నానమ్మ రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కేసింది. నేనే రొప్పుతూ వెనకబడ్డాను.

లోపల పొడవాటి బల్లలు, కోచింగ్ పిల్లలు, పప్పు ఘుమఘుమ. అది మెస్సు. మూలన మా తాత నెయ్యి కలిపిన ముద్ద ఎత్తుతున్నాడు, తల ఎత్తలేదు. గరిటె పట్టుకుని ఒకావిడ ఎదురొచ్చింది.

"భోజనానికాండీ? ఆ బాబాయ్ గారి పక్కన ఖాళీ ఉంది. ప్రతి గురువారం ఈ విజయదుర్గకి ఫోన్ చేసి, రేపేం పప్పమ్మా అని అడుగుతారండీ. పాపం, పిన్నిగారు పోయి రెండేళ్లయిందట. వండిపెట్టే దిక్కు లేదు."

తాత చేతిలో ముద్ద ఆగిపోయింది.

నానమ్మ దగ్గరకు వెళ్లి నిలబడింది. "ఏమయ్యా, నేనేం రోగంతోటి పోయిన?"

"గుండె" అన్నాడు తాత, నోరు జారి. "గట్ల కాదే ఎలీశమ్మా. నాకు బీపీ అని నువ్వు కూరల్ల ఉప్పేస్తలేవు. భార్య ఉండంగ మెస్సుకెందుకొస్తున్నవని అడిగితే ఏం చెప్పాలె? నీ వంట చప్పగుంటదంటే నీ పరువు పోదా?"

"పరువు కోసం పానమే తీసినవా. నా మోకాళ్ల నొప్పులు ఎందుకు తగ్గుతలేవో గిప్పుడు తెలిసింది."

పిల్లలు నవ్వారు. నానమ్మ నవ్వలేదు. "లేచి చెప్పు. గీమెకు చెప్పు, గీ పిల్లలందరికి చెప్పు, నేనెవరో."

తాత ఎంగిలి చేత్తోనే లేచాడు. "ఈమె నా భార్య ఎలీశమ్మ. బతికే ఉన్నది. మంచిగున్నది." నేల చూస్తూ "మల్ల చంపను" అని చేర్చాడు.

అప్పుడు కూర్చుంది. విజయదుర్గ గారు సిగ్గుపడుతూ పళ్లెం తెచ్చారు. నానమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. తాత కోసం ఆమె కూడా ఇన్నేళ్లూ అదే చప్పటి కూడు తింటోందని నాకప్పుడు తట్టింది. రెండో ముద్ద, మూడో ముద్ద. "జర నెయ్యెయ్యమ్మా" అంది.

తాత మెల్లగా తన పళ్లెం మీదికి చెయ్యి పోనిచ్చాడు. నానమ్మ ఆ పళ్లెం పక్కకు జరిపేసింది.

"నువ్వు కూర్చో. ఉపవాసమున్నవు గద."