జుబైల్‌లో సినిమా ఆపింది నేనే
తొంభై ఒకటిలో జుబైల్ క్యాంపు కూలీలకు గ్యాస్ మాస్కులు ఇప్పించింది ఇంజనీరు సుబ్బరామయ్య గారని మొన్నొక సన్మాన సభలో చెప్పారు. విని ఊరుకోలేక రాస్తున్నాను.

నా పేరు హన్మాండ్లు. ఆర్మూరు దగ్గరి పల్లె. మా ఊరి బడిలో ఏడో తరగతి ఫస్టు క్లాసులో పాసయినవాణ్ణి. జుబైల్‌లో వెల్డర్ని. నేను వేసిన వెల్డింగులో ఎక్స్‌రే కూడా ఒక్కనాడూ తప్పు పట్టలేదు. సౌదీలో అప్పుడు సినిమా హాళ్లు లేవు. శుక్రవారాలు మెస్సులో వీసీఆర్ పెట్టి తెలుగు సినిమా వేసేది నేనే. హెడ్డు స్పిరిటుతో తుడిచి బొమ్మ రప్పించడం క్యాంపులో ఎనభై ఆరు మంది ఉంటే నా ఒక్కడికే తెలుసు.

కువైట్ కోసం ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. ఇరాక్ క్షిపణుల్లో విషవాయువు ఉంటుందని భయం. సైరన్ మోగితే ఆఫీసువాళ్లు మాస్కులు తగిలించుకునేవారు. మమ్మల్ని తడి తువ్వాలు మూతికి కట్టుకోమన్నారు! ఇదేం న్యాయమని అడిగితే, మాస్కులకు బదులు ఆ శుక్రవారానికి కొత్త క్యాసెట్ పంపారు.

వేశాను. ఫైటు మొదలవగానే ఆపి, క్యాసెట్ తీసి చంకలో పెట్టుకున్నాను.

"ఏయ్ హన్మాండ్లూ, పిచ్చి లేసిందా? పెట్టు బే!" అని మావాళ్లంతా అరిచారు.

"మాస్కులు అచ్చేదాంక బొమ్మ లేదు. రేపు డ్యూటీ గూడ లేదు."

"సచ్చేటోన్ని సినిమా గూడ సూడనియ్యవా?" అన్నాడు ఫిట్టర్ స్వామి. అందరూ నవ్వారు.

"నవ్వుండ్రి. తువ్వాల గట్టుకోని నవ్వుండ్రి" అన్నాను.

కరీంనగర్ అబ్దుల్ ఘనీ లేచి టీవీ కట్టేశాడు. "అన్న జెప్పింది నిజమే. రూములకు పాండ్రి" అన్నాడు.

సుబ్బరామయ్య గారు పరుగున వచ్చారు. "హాయిగా సినిమా చూసుకోండయ్యా. దేశాల రాజకీయాలు మనకెందుకు?"

"దేశాల సంగతి మీరే సూస్కోండ్రి సార్. మా మూతికి మాస్క్ గావాలె."

మర్నాడు ఒక్కడూ డ్యూటీ బస్సెక్కలేదు. మూడో రోజు ఎనభై ఆరు మాస్కులు వచ్చాయి. నన్ను మాత్రం ఆఫీసుకు పిలిచారు.

"ఎవరు ఎగదోశారో పేర్లు రాసివ్వు. నీ ఇకామా రెన్యూ చేయిస్తా" అన్నారు సుబ్బరామయ్య గారు, కాగితం నా ముందుకు జరిపి. ఇకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, లేకపోతే ఆ దేశంలో బతుకు లేదు. ఊళ్లో నా మీద ఏడుగురు ఆధారపడి ఉన్నారు.

"సినిమా ఆపింది హన్మాండ్లు. ఎవరూ చెప్పలేదు" అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పొమ్మన్నారు.

వెళ్లేనాడు గేటు దగ్గర, మాస్క్ కంపెనీ సొత్తు, వాపసు ఇమ్మన్నారు.

"తలకాయ గూడ ఇడ్సి పోవాల్నా?" అని బల్ల మీద విసిరి వచ్చాను.