రోజూ కొత్తగా పరిచయమైన మనిషి

వంటింట్లో అమ్మ జొన్నరొట్టె కొడుతోంది. తడి అరచేయి పిండి మీద పడే చప్పుడు, మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యే ఆ లయ, వెనకే పెనం మీద నుంచి కాలుతున్న జొన్నపిండి వాసన. సెలవు మీద నారాయణ్‌ఖేడ్ వచ్చిన ప్రతిసారీ నన్ను నిద్రలేపేది ఇదే. ఆ వాసన రాగానే నాకు బేగంపేటలోని ఒక హ్యాంగర్, అందులో తెల్లటి చిన్న జెట్ విమానం, దాని రెక్క నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని గుడ్డమూట విప్పుతున్న ఒక పెద్దమనిషి గుర్తుకొస్తారు. ఆయన కెప్టెన్ గురుపాదప్ప. ఈ రోజు నేను ఒక ఎయిర్‌లైన్‌లో కెప్టెన్‌గా ఉన్నానంటే, దేవుడి దయ, అమ్మ చలవ తర్వాత నేను తలచుకోవలసిన పేరు అది.

నేను బడికి పోలేదు. మా ఇల్లు మనూర్ వైపు చేనులో, ఊరికి దూరంగా ఉండేది. బస్సు వేళకు రాదు, ఆటో నిండితే గానీ కదలదు. పెళ్లికి ముందు ఇంటర్ దాకా చదివిన అమ్మ, తనకు వచ్చింది తానే చెప్తానని పూనుకుంది. కందిచేను గట్టు మీద లెక్కలు, పొయ్యి ముందు సైన్సు. ఆ చదువుతోనే ఓపెన్ స్కూల్ పరీక్షలు రాశాను, సర్కారు సాయంతో పైలట్ శిక్షణ దాకా వెళ్లాను. అయితే ఒకే మనిషి దగ్గర చదువుకున్నందుకు నాకు ఒక అలవాటు కూడా అబ్బింది. అమ్మకు నేను నోటితో జవాబు చెప్పాల్సిన పని లేదు. నా మొహం చూసి, అర్థమైందో లేదో ఆమే చెప్పేసేది. కొత్తవాళ్ల ముందు గొంతెత్తి మాట్లాడడం నేను ఎక్కడా నేర్చుకోలేదు.

లైసెన్సు చేతికి వచ్చినా ఉద్యోగం రాలేదు. ఎయిర్‌లైన్లు అనుభవం అడిగాయి; ముందు ఎవరో ఒకరు కుర్చీ ఇస్తేనే కదా అనుభవం వచ్చేది. ఆ రోజుల్లో ఒక వ్యాపార కుటుంబం తమ సొంత విమానానికి కో-పైలట్ కావాలని పిలిచింది. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నది గురుపాదప్ప సార్. నా కాగితాలు తిప్పుతూ ఊరి పేరు దగ్గర ఆగిపోయారు. ఆయనదీ నారాయణ్‌ఖేడే. బజారులో బట్టల దుకాణం నడిపే కన్నడ ఇంటి మనిషి. ఇంట్లో కన్నడం, వీధిలో మన తెలుగు.

"ఏ బడిల చదివినవ్?" అని అడిగారు.

"ఇంట్లనే సార్. మా అమ్మ చెప్పింది."

"మరి తప్పు చేస్తే మీ అమ్మ నిన్ను ఏడ నిలబెట్టేది? బెంచీయే లేకపాయె."

"పొయ్యి కాడ కూసోబెట్టేది సార్, మంట చూడుమని."

ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే నా కాగితం మీద సంతకం పెట్టారు.

సొంత విమానం నడపడం బయటివారు అనుకునేంత దర్జా ఏమీ కాదు. యజమాని ఎప్పుడు బయలుదేరతారో, ఎప్పుడు తిరిగొస్తారో ఎవరికీ తెలియదు. పొద్దున పోదామన్నవారు పొద్దుగూకే వేళకు వస్తారు. సూట్‌కేసులు ఎక్కించేది మేమే, ఫ్లాస్కులో చాయ్ నింపేది మేమే, సీట్ల మీద రాలిన బిస్కెట్ పొడి దులిపేదీ మేమే. సార్ ఏ పనినీ చిన్నతనమనుకోలేదు. ఎగిరేటప్పుడు ఇద్దరు పైలట్లు ఒకే తిండి తినకూడదంటారు. ఒకరికి పడకపోయినా రెండోవారు బాగుండాలి కదా. అందుకని విమానం దిగి, యజమాని కారెక్కి పోయాకే ఆయన మూట విప్పేవారు. జొన్నరొట్టెలు, శేంగా చట్నీ అని వాళ్లింట్లో పిలిచే పల్లీల పొడి, ఒక ఉల్లిగడ్డ. పెద్ద హోటల్ నుంచి యజమాని కోసం వచ్చిన భోజనం అలాగే మిగిలి ఉన్నా దాని వంక చూసేవారు కాదు. సగం రొట్టెలు నావి.

ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చునేసరికి మా మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆయన వేలు కదిలితే నేను చక్రాలు దించేదాన్ని. తల ఊపితే తర్వాతి పని మొదలయ్యేది. అచ్చం అమ్మతో ఉన్నట్టే. నాకది ఎంతో సుఖంగా ఉండేది. మంచి పైలట్ అంటే అదేనని కూడా అనుకున్నాను.

ఒకరోజు రొట్టె తింటూ సార్ తన ఫోన్ నా ముందు పెట్టారు. ఒక ఎయిర్‌లైన్, జెట్ నడిపిన అనుభవమున్న కో-పైలట్లను తీసుకుంటోంది. దరఖాస్తు పెట్టమన్నారు. నేను వద్దన్నాను. ఎవరూ పిలవనప్పుడు పిలిచి పని ఇచ్చినవారిని వదిలిపోవడం నాకు పాపంగా తోచింది. మీ దగ్గరే ఉంటానన్నాను.

"నోడు బిడ్డా," అన్నారు సార్. కన్నడంలో చూడు అని. "ఈ జహాజ్‌ల కెప్టెన్ కుర్చీ ఒక్కటే ఉన్నది. దాంట్ల నేను కూసున్న. నేను లేస్తే నా అసొంటి ఇంకో ముసలోడు వస్తడు. రొట్టె పెట్టిండని జిందగీ అంత పొయ్యి కాడనే కూసుంటవా? లే ఇగ."

లేచాను. దరఖాస్తు పెట్టాను, పిలుపు కూడా వచ్చింది. అప్పుడు సార్ అసలు సంగతి విడమరచి చెప్పారు. ఎయిర్‌లైన్‌లో రోజుకో కెప్టెన్. పొద్దున కలిసినవారు సాయంత్రానికి విడిపోతారు. అక్కడ ఒకరి చేతి కదలిక ఇంకొకరు చదివేంత పరిచయం ఉండదు. చూసింది చూసినట్టు, చేసేది చేసినట్టు నోటితో చెప్పాలి. కెప్టెన్ పొరపాటు చేస్తే వయసూ హోదా చూడకుండా ఆ క్షణమే చెప్పాలి. నేల మీదే ఉండి నిజం విమానంలా కదిలే సిమ్యులేటర్ అనే యంత్రంలో పరీక్ష ఉంటుంది. అందులో వాళ్లు గట్టిగా చూసేది దీన్నే. తప్పితే మళ్లీ పిలుపు ఎప్పుడో, అసలు వస్తుందో రాదో. విమానం నడపడం వచ్చిన నాకు రానిది సరిగ్గా అదొక్కటే.

మర్నాడు పొద్దున హ్యాంగర్‌లో అడుగు పెట్టగానే సార్ నాకు ఎదురొచ్చి చేతులు జోడించారు.

"నమస్కారం. నా పేరు గురుపాదప్ప. ఇయ్యాల మీతోటి పోతున్న. మీ పేరేంది?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను పేరు చెప్పేదాకా అలాగే నిలబడ్డారు. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా అదే తంతు. ప్రతి పొద్దునా ఆయన నాకు కొత్త మనిషి. నా సైగలు ఆయనకు కనిపించవు. తన వేలు కదపరు, తల ఊపరు. నోరు తెరిచి అడిగితేనే పని జరుగుతుంది. మా వైపు దగ్గరివాళ్లను మీరు అంటే అది మర్యాద కాదు, దూరం. విమానం కడిగే యాదయ్య నన్ను పక్కకు పిలిచి, పెద్దసారుకు మతిమరుపు వచ్చిందా, లేకపోతే మీ ఇద్దరికీ లడాయి అయిందా అని అడిగాడు. సంగతి చెప్తే నమ్మలేదు. మూట విప్పడం మాత్రం ఆగలేదు. "తినుండ్రి మేడం," అని రొట్టె చేతిలో పెట్టేవారు. రొట్టె దిగేది గానీ ఆ మేడం గొంతు దిగేది కాదు.

పరీక్ష దగ్గర పడుతున్న రోజుల్లో, యజమానిని వేరే ఊళ్లో దింపి ఖాళీ విమానంతో తిరిగి వస్తున్నాం. సార్ నడుపుతున్నారు. రన్‌వే ఎదురుగా కనిపిస్తోంది. దిగడానికి ఉండాల్సిన దానికంటే వేగం ఎక్కువగా ఉంది. అంకెలు నా కళ్ల ముందే ఉన్నాయి. ఆయనకు తెలియకుండా ఉంటుందా, తగ్గిస్తారులే అనుకున్నాను. నా జేబులో ఎప్పుడూ బోరంచ నల్లపోచమ్మ గుడి నుంచి అమ్మ తెచ్చిన బండారి, అంటే అమ్మవారి పసుపు, పొట్లం కట్టి ఉంటుంది. ఆ తల్లిని మనసులో తలచుకున్నాను. ఇంకా చాలా ఎత్తులో ఉండగానే సార్ దిగడం మానుకొని విమానాన్ని మళ్లీ పైకి లేపారు. ఒక చుట్టు తిరిగి పద్ధతిగా దించారు. ఇంజన్లు ఆగాక నా వైపు తిరిగారు.

"స్పీడు చూసిన్రా?"

"చూసిన సార్."

"చూసి ఏం చేసిన్రు?"

అబద్ధం నోటికి రాలేదు. "పోచమ్మ తల్లికి మొక్కుకున్న," అన్నాను.

ఆయన కోప్పడలేదు, ఎగతాళి చేయలేదు. నా జేబు వైపు చూసి తానూ చేతులు జోడించారు.

"తల్లి మన్సుల మాట ఇంటది మేడం. నేను ఇనలేను. నాకు నోటితోటి చెప్పాలె."

దేవుడి మాట మీద నాతో చాలామంది వాదించారు. ఆ మాటను ఇంత భద్రంగా పట్టుకొని, దాని చోట దాన్ని ఉంచి, నా పని నాకు చూపించినవారు ఆయనొక్కరే. ఆ తల్లే ఆయన చేత అనిపించిందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

పరీక్ష రోజు సిమ్యులేటర్‌లో కెప్టెన్ సీటులో కూర్చున్న అధికారిని నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నమస్కారం పెట్టి పేరు చెప్పాను. అన్నీ సవ్యంగానే సాగాయి. రన్‌వే దగ్గర పడుతుండగా ఆయన కావాలనే వేగం పెంచుకుంటూ పోయారు. "స్పీడ్," అన్నాను. వినిపించుకోనట్టే ఉన్నారు. మళ్లీ అన్నాను, ఇంకా గట్టిగా. ఆయన చేయి కదల్లేదు. "గో అరౌండ్," అన్నాను, దిగొద్దు, పైకి లేపమని. ఆ ఇరుకు గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన విమానాన్ని లేపారు. అంతా అయ్యాక, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారని అడిగారు. సార్ పేరు చెప్తుంటే నా వెన్ను దానంతట అదే నిటారుగా అయింది.

ఫలితం తెలియగానే ఫోన్ చేశాను. నా నంబరు కనిపిస్తున్నా, "ఎవరు మాట్లాడేది?" అన్నారు.

"నమస్కారం. నా పేరు మంజుల. ఎయిర్‌లైన్‌ల నన్ను తీసుకున్నరు," అన్నాను, ఒక్కో మాటా స్పష్టంగా.

ఆయన గొంతు సవరించుకుని అడిగారు. "రొట్టె తిన్నవా బిడ్డా?"

తిన్నరా అనలేదు. తిన్నవా అన్నారు. నేను గోడకు ఆనుకొని ఏడ్చాను.

ఆ తర్వాత సార్ రిటైరై ఖేడ్ బజారులో తమ్ముడి దుకాణంలో కూర్చునేవారు. వచ్చిన గిరాకీకల్లా చీర చూపించడం కంటే ముందు, మా ఊరి పిల్ల పెద్ద గాలిమోటరు నడుపుతుందని చెప్పేవారట. నేను కెప్టెన్ అయ్యేలోపే ఆయన పోయారు. భుజం మీద కెప్టెన్ గుర్తయిన నాలుగో పట్టీ పెట్టుకున్న రోజు మొదట ఆ దుకాణం ముందుకే వెళ్లి నిలబడ్డాను.

కెప్టెన్‌గా నా మొదటి విమానంలో పక్క సీటులోకి ఎక్కడో దూరపు రాష్ట్రం నుంచి వచ్చిన అబ్బాయి వచ్చాడు. అంతకుముందు మాకు పరిచయం లేదు. చేతులు జోడించి నా పేరు చెప్పాను. నేను తప్పితే ఆ క్షణమే చెప్పమన్నాను. దిగేటప్పుడు గాలి మారి వేగం కాస్త పెరిగింది. నేను దిద్దుకునేలోపే పక్క నుంచి "స్పీడ్" అని వినిపించింది, తడబాటు లేకుండా. దిద్దాను. నాలుగో పట్టీ ఇవ్వలేని గర్వం ఆ ఒక్క మాట ఇచ్చింది. పొద్దున్నే పరిచయమైన మనిషి నాకు భయపడలేదు.

రేపు నాకు డ్యూటీ. బండారి పొట్లం జేబులో ఉంది. తల్లితో ఇప్పటికీ మనసులోనే మాట్లాడతాను. అమ్మ చల్లారిన రొట్టెలను గుడ్డలో చుడుతోంది. ఇంకో రెండు ఎక్కువ పెట్టమన్నాను.

"ఎవలికే?" అంది అమ్మ.

"రేపు నా పక్కన కూసునేటోళ్లకు. దిగినంక తింటరు."

"పేరేంది?"

"ఇంకా తెల్వదమ్మా. పొద్దున నేనే అడుగుత."