నా గొంతుకు బేరం

మా నాయినకు ఉప్పల్‌లో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ధర నచ్చక వెళ్ళిపోతున్న మనిషి మళ్ళీ వెనక్కి వస్తాడా రాడా అన్నది చిన్నప్పుడు అక్కడ కూర్చుని చెప్పుల చప్పుడును బట్టి చెప్పేవాణ్ణి. నటనకు అదే నా మొదటి బడి అని ఈ మధ్య ఇంటర్వ్యూల్లో గొప్పలు పోతుంటాను. అసలు బడి వేరే ఉంది. తర్వాత చేరిన డ్రామా స్కూల్లో నేను నేర్చుకున్నది చాలావరకు ఉప్పల్‌ను నోట్లోంచి కడిగేసుకోవడం.

మాకు ఉచ్చారణ నేర్పిన మాస్టారు చెడ్డవాడు కాదు. నేను నోరు తెరిస్తే మాత్రం కళ్ళు మూసుకునేవాడు.

"వచ్చిండు కాదయ్యా, వచ్చాడు. ఈ యాసతో నీకు జీవితాంతం వాచ్‌మన్ వేషాలే," అన్నాడు ఒకరోజు అందరి ముందు.

అవమానం కన్నా ముందు నాకు అందులో వ్యాపారం కనిపించింది. అమ్ముడుపోని సరుకును అరల్లో పెట్టుకు కూర్చోవడం మా ఇంటా వంటా లేదు. పళ్ళ మధ్య పెన్సిలు పెట్టుకుని ళ, ణ, ష అరగదీశాను. ఇంట్లోనూ అదే భాష. పప్పు వడ్డించమని అడిగితే అమ్మ నవ్వేది, మా ఇంటికి చుట్టం వచ్చిండని పక్కింటామెకు చెప్పేది.

లాభం రాకపోలేదు. పోలీసు, ప్లీడరు, పూజారి, గుంటూరు మిర్చి వ్యాపారి, పెళ్ళిచూపుల్లో వద్దనిపించుకునే పెళ్ళికొడుకు. ఒక సినిమాలో టైటిల్స్ పడకముందే చచ్చాను. ఏ వేషమైనా గొంతు మాత్రం నాదే. మాట స్పష్టంగా ఉంటుందని పేరు కూడా వచ్చింది.

ఇంతలో గాలి మారింది. హీరోలే మా బజారు మాట మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు మొదటిసారి సినిమా అంతా ఉండే వేషం వచ్చింది, ఉప్పల్‌లో టైర్ల షాపు నడిపే తండ్రి. దర్శకుడు వరంగల్ వైపు కుర్రాడు. మాది ఉప్పల్ అని విని, ఇంకెవరినీ చూడకుండా నన్ను తీసుకున్నాడు.

షూటింగ్‌లో ఎవరికీ ఏమీ తెలియలేదు. మల్లాపూర్ షెడ్ల మోతలో మాట ఎవరికి వినపడుతుంది? నాచారంలో డబ్బింగ్‌కు కూర్చున్నప్పుడు బయటపడింది. "వచ్చిండు" అన్నాను. దర్శకుడు మళ్ళీ అనమన్నాడు. ఎన్నిసార్లు అన్నా ప్రతి అక్షరం ఇస్త్రీ బట్టలా నిలబడింది.

"ఏమనుకోకన్నా," అన్నాడు చివరికి. "నువ్వు మస్తు జేసినవ్. గని మాట్లాడ్తుంటే ఎవరో ఆంధ్రాయన మన యాసను ఎక్కిరిచ్చినట్టున్నది."

"నేను పుట్టిందే ఇక్కడ బ్రదర్."

"గదే గదా, నాకూ సమజైతలేదు."

వేరే గొంతును పిలిపించారు. కాకినాడ మనిషి. దమ్మాయిగూడలో అద్దెకుంటూ, టీ కొట్టు దగ్గర విని విని నేర్చుకున్నాడట. అతను "వచ్చిండు" అనగానే మా బజారంతా ఆ గదిలోకి నడిచొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వినడానికి హాయిగానూ ఉంది, అదే ఇంకా మంట.

బేరం మొదలుపెట్టాను. సగం సినిమా నాకు వదలమన్నాను. కుదరదన్నారు. పోనీ కొడుకుతో తగాదా సీను అన్నాను. అసలు అదే ముఖ్యమట. ఏడుపు అడిగితే, ఏడుపు మధ్యలో మాటలున్నాయన్నారు. లేచి తలుపు దాకా నడిచాను, వెనక్కి పిలుస్తారని. ఎవరూ పిలవలేదు. నేనే తిరిగొచ్చి కూర్చున్నాను. చివరికి దగ్గు దక్కింది. ఆ పాత్రకు ఉబ్బసం. సినిమాలో వినిపించే దగ్గులన్నీ నావే.

సినిమా బాగా ఆడింది. నాయినను, ఆయన పక్క కొట్లవాళ్ళను ఉప్పల్‌లోనే ఒక హాలుకు తీసుకెళ్ళాను. గొంతు సంగతి ముందే చెప్పేద్దామనుకున్నాను, వాళ్ళ హుషారు చూసి నోరు మూసుకున్నాను. ఇంటర్వెల్లో అందరూ నా భుజం తట్టారు, మాట అంటే ఇట్లుండాలన్నారు. సినిమా అయ్యింది. బయట పార్కింగ్‌లో నాయిన స్కూటర్ తాళం చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా," అన్నాడు. "నీ మాట పోయిందనుకున్న. ఇంకా ఉన్నది గదా నీ తాన. మరి ఇంట్ల మాతోటి ఎందుకు మాట్లాడవు?"

"ఉంది నాన్నా," అన్నాను, చాలా స్పష్టంగా.